పాకమ్మ సీసాలో గులాబీ

అది సరే గానీ, మీరెప్పుడైనా పంచదార తిని పెరిగిన మొక్కని చూశారా? నవ్వకండి. నేను చూశాను. చూడటమేంటి, వాటి సీసాలు కడిగిన చేతులండీ ఇవి. సీసా అడుగున ముట్టుకుంటే వణికే తెల్లటి ముద్ద, దాని మీద గోరంత పచ్చటి మొక్క. మట్టి లేదు, ఎండ లేదు. పైన ట్యూబ్‌లైటు, కింద పాకం. ఆ పాకం కాచేది మా తోడికోడలు. ఇప్పుడు చెప్పబోయేది ఆవిడ గురించే.

ఆవిడకి పెట్టిన పేరు కాగితాల మీద ఉండేది, నోళ్ళలో మాత్రం పాకమ్మే. పని చోట మొదలైన పేరు ఇంటికి కూడా వచ్చేసింది. మా బావగారు కూడా గుమ్మంలోంచే "పాకం వచ్చిందా?" అని అడిగేవారు. నేను అక్కా అనేదాన్ని. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలిని, ఒకే ఇంట్లో ఒక గోడకి అటూ ఇటూ కాపురం. మొదట్లో మాది ఉప్పూ నిప్పే. కుళాయి దగ్గర ఎవరి బిందె ముందు అన్న దగ్గర్నుంచి తగువే. ఆవిడ పట్టుబట్టి నన్ను కూడా తన పనిలో చేర్పించాక, రోజూ ఒకే బస్సులో ఒకే సీటు మీద ఒకరినొకరు ఒరుసుకుని వెళ్ళి వచ్చాక, ఇంక పోట్లాడుకోవడానికి ఓపిక ఎక్కడిది?

మా పని చోటంటే చిన్న ముక్క నుంచి సీసాల్లో మొక్కలు పెంచి అమ్మే ల్యాబు, బయట్నుంచి చూస్తే గోడౌన్‌లా ఉండేది. లోపల మాత్రం ఆసుపత్రే. చెప్పులు మార్చుకోవాలి, తల మీద టోపీ పెట్టుకోవాలి, గాజులు తీసెయ్యాలి. నాలుగు గదులు. కడిగే గది నాది. పాకం గది ఆవిడది. కోసే గదిలో ఆడవాళ్ళు వరసగా గాజు పెట్టెల ముందు కూచుని, చిన్న పట్టకారుతో మొక్క ముక్కని పట్టుకుని, కత్తితో కోసి సీసాల్లో నాటేవాళ్ళు. అక్కడ మాట్లాడకూడదు. నోటి తుంపర పడితే సీసాలో బూజు వస్తుంది. అంతమంది ఆడవాళ్ళు ఒక గదిలో నోరు మూసుకుని కూచోవడం ఎక్కడైనా విన్నారా? భోజనాల బల్ల దగ్గరికి రాగానే పొద్దుట్నుంచి మింగిన మాటలన్నీ ఒక్కసారే బయటికొచ్చేవి. ఎవరు ఏమంటున్నారో ఎవరికీ తెలిసేది కాదు, కానీ అందరూ నవ్వేవాళ్ళు.

నాలుగోది పెంచే గది. అరల మీద అరలు, అరకో ట్యూబ్‌లైటు, వేల సీసాలు. అరటి, చెరకు, పూలమొక్కలు. ఆ గదిలోకి వెళ్తే నాకు ఎప్పుడూ చంటిపిల్లల వార్డే గుర్తొచ్చేది.

పాకమ్మ గదిలో పెద్ద గిన్నె, తూకం, నీళ్ళు, రకరకాల మందుల సీసాలు, పాకాన్ని ముద్దలా గడ్డకట్టించే నాచు పొడి, పంచదార బస్తా ఉండేవి. మందులు ల్యాబు చూసుకునే మేడమ్ కొలిచి ఇచ్చేది. మిగతాదంతా కలిపి కాచి, సీసాల్లో పోసి, మనిషంత ఎత్తున్న ఇనప కుక్కర్లో పెట్టేది పాకమ్మ. ఆ కుక్కర్ మూత తీసినప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పంచదార మాడీ మాడనట్టు ఉండే వాసన. ఆవిడ జుట్టుకి, చీరకి, చివరికి బస్సు టికెట్టుకి కూడా అదే వాసన. "నువ్వు నడిచిన దారంతా చీమలు బారులు కడుతున్నాయి అక్కా" అనేదాన్ని. "రానీవే, మీ మరిదిగారు ఇంటి దారి మర్చిపోతే వాటిని పట్టుకుని వస్తారు" అనేది. తన మొగుణ్ణి నా మరిది చేసి వెక్కిరించడం ఆవిడకి సరదా. ఆయన నాకు బావగారని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

మొక్కలకి పంచదారేంటని నేను చేరిన కొత్తలో అడిగాను. మేడమ్ అన్నామే గానీ వయసులో చిన్నపిల్లే, కళ్ళద్దాలు, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేది, ఎవరేం అడిగినా విసుక్కోకుండా చెప్పేది. "బయట ఎండలో ఉన్న ఆకు తన చక్కెర తనే చేసుకుంటుందమ్మా. గాలీ నీళ్ళూ తీసుకుని, వెలుతురుతో వండుకుంటుంది. అందులోంచే వేరుకి పంపుతుంది, కొత్త చిగురుకి పంపుతుంది, కష్టకాలానికి కాస్త దాచుకుంటుంది. ఈ సీసాలో పిల్లలకి అంత వెలుతురు ఎక్కడిది? అందుకే మనం పెడుతున్నాం."

పాకమ్మ గరిటె తిప్పుతూనే, "ఓహో, ఆకంటే పెద్దకోడలన్నమాట. అందరికీ వండి పంపి, మిగిల్తే తను తింటుంది" అంది. మేడమ్‌కి టీ పొలమారింది.

ఇక చంటోడి సంగతి చెప్పాలి. చంటోడంటే పాకమ్మ తమ్ముడు. గడ్డం సగం నెరిసింది, టైర్ల పంచర్లు వేసే షాపు నడిపేవాడు, అయినా చంటోడే. వాళ్ళమ్మ వాణ్ణి కని పోయిందట. అప్పటికి పాకమ్మ జడ వేసుకోవడం కూడా సరిగ్గా రాని పిల్ల. తనే ఎత్తుకుంది, తనే పెంచింది. పెంచడం ఆపలేదు, అదీ తంటా. పెళ్ళయి వచ్చినా రోజూ పొద్దున్నే వాడికి క్యారియర్ కట్టేది. ఒక గుడ్డ సంచిలో పెట్టుకుని, మా బస్సుకి ముందు బస్సెక్కి, వాడి షాపులో ఇచ్చి, వాడి మాసిన చొక్కాలు అదే సంచిలో తెచ్చుకునేది. వాడికి స్టవ్ వెలిగించడం రాదు, గుండీ కుట్టడం రాదు. చెడ్డవాడు కాదండీ, వెన్నలాంటి మనిషి. వెన్నలాగే, ఎవరైనా పట్టుకోకపోతే జారిపోయే రకం.

వాళ్ళు పెరిగిన అద్దె ఇంటి పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఒక గులాబీ ఉండేదట. వాళ్ళమ్మ పెట్టింది. లేత రంగు, గుప్పెడంత పువ్వు. పాకమ్మకి వాళ్ళమ్మ మొహం గుర్తు లేదు, ఫోటో కూడా లేదు. "అమ్మెలా ఉండేదని చంటోడు అడిగితే, ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించేదాన్ని" అని నాతో ఒకసారి అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం వేళాకోళం చెయ్యలేదు.

ఆ ఇంటిగలాయన ఇల్లు పడగొట్టిస్తున్నాడని తెలిసింది. చంటోడి షాపు ఆ వీధి చివర్నే. "ఒరే, గోడ కొట్టేలోగా నాలుగు మంచి కొమ్మలు కోసి, తడి గోనెలో చుట్టి తీసుకురారా" అని చెప్పింది పాకమ్మ. సరేనన్నాడు. మర్చిపోయాడు. గుర్తొచ్చి పరిగెత్తేసరికి గోడ చెట్టు మీదే పడి ఉంది, దాని మీద సున్నం, సిమెంటు నీళ్ళు. ఇటుకలు తీసి, విరిగిన కొమ్మలేవో పట్టుకుని మా ఇంటికొచ్చాడు. చేతులు గీసుకుపోయి రక్తాలు.

పాకమ్మ ఆ చేతుల వంక కూడా చూడలేదు. అదే భయంకరం. కొమ్మలు తీసుకుంది, తలుపేసుకుంది. ఆ రోజు నుంచి వాడితో మాటలు బంద్. కానీ తమాషా వినండి, మాటలు ఆపింది గానీ క్యారియర్ ఆపలేదు! రోజూ వెళ్ళడం, షాపు బల్ల మీద ఠంగుమని పెట్టడం, మూతి తిప్పుకుని రావడం. వాడు "అక్కా..." అని వెనకాల నడిస్తే బస్సెక్కేయడం.

కొమ్మలన్నీ కుండీల్లో గుచ్చాం. ఒక్కొక్కటే నల్లబడి కుళ్ళిపోయాయి. చివరికి ఒక పుల్ల మిగిలింది, దాని మీద ఒకే ఒక పచ్చటి మొగ్గకన్ను, కందిగింజంత. పాకమ్మ దాన్ని తడిగుడ్డలో పెట్టి మేడమ్ ముందు నిలబడింది. ఆవిడ తరఫున నేనే అడిగాను. మేడమ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. "బతుకుతుందని చెప్పలేను. బతికితే మాత్రం దీన్నుంచి చాలా వస్తాయి. పై అరలో మూల కొంచెం చోటిస్తాను" అంది.

బతికింది! మొదట ఏమీ లేదు, తర్వాత ఒక చిగురు, తర్వాత ఆ చిగురు కోసి పెడితే రెండు, మూడు. కోసే గది ఆడవాళ్ళందరూ దానికి మేనత్తలే. భోజనాల దగ్గర "మన పిల్ల ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళు.

ఇక్కడ మా పాకమ్మ చేసిన పని చూడండి. ఆ గులాబీ సీసాల కోసం పాకం విడిగా చిన్న గిన్నెలో కాచేది కదా, అందులో ఎవరూ చూడకుండా పంచదార ఇంకో గరిటె వేసేది. తల్లి లేని పిల్లలు, కాస్త కడుపు నిండా తినాలని. నాకు తెలుసు. నేనూ ఏమనలేదు, నాకూ మంచిదే అనిపించింది. మనకి తెలిసిన ప్రేమ గరిటెతోనే కదా ఉంటుంది.

కొన్నాళ్ళకి ఆకులు ఎర్రబడ్డాయి. ఎర్రగా అంటే, బుగ్గకి రంగు పూసినట్టు. మేం ఎంత మురిసిపోయామో! "చూశావా, పువ్వు రంగు ఆకుల్లోకే వచ్చేసింది" అని పాకమ్మ. పక్క అరలో అరటి పిల్లలు పచ్చగా, సాదాగా ఉన్నాయి, మా గులాబీలు పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. గర్వంగా మేడమ్‌ని పిలిచి చూపించాం.

మేడమ్ సీసాని లైటుకి పట్టి చూసి, "పంచదార ఎంత వేశారు?" అంది.

పాకమ్మ నేల చూపులు చూసింది. "మామూలే... ఒక పిసరు ఎక్కువ."

"పండు ముక్కల మీద పంచదార చల్లితే ఏమవుతుందమ్మా?"

"నీళ్ళు ఊరతాయి."

"ఆ నీళ్ళు ఎవరివి?"

"పండువే."

"ఈ పిల్లలకీ అదే జరుగుతోంది. తీపి మరీ చిక్కగా ఉంటే వేరు నీళ్ళు తాగలేదు. ఈ ఎరుపు అందం కాదు, ఇబ్బంది. ఇంకోటి, అడుగు నుంచి ఇంత తిండి వస్తుంటే ఆకు ఇంక వండటం మానేస్తుంది. పొయ్యి ఆర్పేసి కూచుంటుంది. రేపు మట్టిలో పెడితే ఎలా బతుకుతుంది?"

మేడమ్ తిట్టలేదు. నేనే నోరు జారాను. బస్సులో కూచున్నాక, "అవునక్కా, మీ చంటోణ్ణి కూడా నువ్వు సీసాలోనే పెంచావు" అన్నాను. నవ్వుతుందనుకున్నా. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఇల్లొచ్చేదాకా తిప్పుకునే ఉంది. ఆ వారం మా గోడకి అటునుంచి గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నాకు కోపం రాలేదులెండి. దెబ్బ తగలాల్సిన చోటే తగిలిందని తెలుస్తూనే ఉంది.

తర్వాత మొదలైంది అసలు పని. మేడమ్ చెప్పినట్టు పాకంలో పంచదార తగ్గించింది, మళ్ళీ నాటినప్పుడు ఇంకా తగ్గించింది. సీసాలు ట్యూబ్‌లైటుకి దగ్గరగా జరిపింది. కొత్తాకులు పచ్చగా వచ్చాయి, చిన్నవి, మొద్దువి, పల్లెటూరి పిల్లల్లా. వేళ్ళు తెల్లగా దిగాయి. అప్పుడు షేడ్‌నెట్ కింద ట్రేల్లో, కొబ్బరి పీచు మట్టిలో పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పాం. మొదటి జట్టు ఆ మధ్యాహ్నానికే తల వాల్చేశాయి. ఒక్కటీ లేవలేదు. పాకమ్మ ఆ ట్రే పక్కన ఇటుక మీద కూచుని, ఎండిపోయిన వాటిని ఒక్కొక్కటీ పీకి ఒళ్ళో పెట్టుకుంది.

"మిగిలినవెన్ని?" అంది.

"ఒక ట్రే ఉందక్కా. సీసాల్లో కూడా ఇంకేం లేవు. అంతే."

అవి పోతే ఇంక లేవు. పుల్ల ఎప్పుడో ఎండిపోయింది, చెట్టు ఇటుకల కింద పోయింది. ఆ ట్రేలో ఉన్నదే వాళ్ళమ్మ.

రెండో జట్టుకి మేడమ్ ఒక చిత్రమైన మాట చెప్పింది. ప్లాస్టిక్‌కి రోజుకి కాస్త చిల్లు పెట్టాలట, నీళ్ళు పొయ్యడానికి ముందు మట్టిని కొంచెం ఆరనివ్వాలట. "కొంచెం దాహం తెలియాలమ్మా. చావనివ్వకూడదు, తెలియనివ్వాలి. అప్పుడు ఆకు తను చేసుకున్న తీపిలో కొంత లోపల దాచుకుంటుంది. ఆ తీపే నీటిని పట్టి ఉంచుతుంది. అలా రాటుదేలుతుంది."

దాహంతో ఉన్న పిల్లలకి నీళ్ళు పొయ్యకుండా ఉండటం ఆవిడ వల్ల అవుతుందా? నీళ్ళ మగ్గు పట్టుకుని ట్రే చుట్టూ తిరిగేది. పొయ్యబోయేది, ఆగేది. మగ్గు నా చేతికిచ్చి, "నువ్వు దాచవే తల్లీ, నా చెయ్యి ఆగదు" అనేది. నేను తీసుకెళ్ళి కడిగే గదిలో సీసాల వెనక దాచేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆవిడ సంచి లేకుండా బస్టాపుకి వచ్చింది. క్యారియర్ లేదు. అంటే చంటోడి షాపుకెళ్ళే ముందు బస్సు ఎక్కలేదన్నమాట. బస్సులో సగం దారి వెళ్ళాక, "వాడికి స్టవ్ ఎలా వెలిగించాలో పక్క షాపాయన చూపిస్తాడులే" అంది, నాతో కాదు, కిటికీతో.

వారం తిరక్కుండా చంటోడు మా పని చోటు గేటు దగ్గరికొచ్చాడు. చేతులకి టైరు మసి, ఒక వేలికి కాలిన బొబ్బ. పాకమ్మ వెళ్ళి గేటు ఊచలకి ఇటు నిలబడింది. మాటలు బంద్ కదా, వాడే మొదలెట్టాడు.

"కూర మాడిపోయిందక్కా."

పాకమ్మ ఊచ మీద తుప్పు గోటితో గోకింది.

"నిన్న మాడలేదు. నిన్న ఉప్పు మర్చిపోయాను."

"మరి తిన్నావా?"

"తిన్నాను. ఆకలేసింది."

అంతే, ఆవిడకి నవ్వొచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగిపోతున్నాయి. వాడు కూడా నవ్వాడు, ఊచలు పట్టుకుని. తర్వాత వాడు తల దించుకుని, "అమ్మ చెట్టు బతికిందటగా. నాకొకటియ్యవా?" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. "నీకా? గోడ కింద పెట్టి చంపిన చెయ్యి కదరా అది. ఎలా ఇస్తాను?"

వాడు తలూపి వెళ్ళిపోయాడు. నడకలో ఆ మాట పడిన బరువు కనిపించింది. ఆవిడ గేటు దగ్గరే నిలబడిపోయింది. కుక్కర్ కూత పెడుతున్నా కదల్లేదు.

ట్రేలో సగానికి పైగా పోయాయి. మిగిలినవి నిలబడ్డాయి. ప్లాస్టిక్ మొత్తం తీసేసిన రోజు మేమిద్దరం మాటిమాటికీ వెళ్ళి చూశాం, భోజనాల గంటకి కోసే గది వాళ్ళంతా వచ్చి చూశారు. ఎండ నడినెత్తిన ఉంది, ఒక్క ఆకు వాలలేదు. పాకమ్మ ఒక ఆకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. "గట్టిగా ఉందే" అంది. "గట్టిగా ఉంది చూడవే."

వాటిని కుండీల్లోకి మార్చి ఇంటికి తెచ్చుకున్నాం. అందులో ఒకటి అన్నింటికంటే పొట్టిది, ఒక పక్కకి వంగింది, కానీ కొమ్మ పెన్సిల్లా దిట్టంగా ఉంది. దానికి మొదటి మొగ్గ వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఆ కుండీని కడిగి, తుడిచి, చాలాకాలంగా మేకుకి వేలాడుతున్న క్యారియర్ సంచి తీసి అందులో పెట్టి చూసింది. సరిగ్గా పట్టింది.

"ఎవరికక్కా?" అన్నాను, తెలిసే.

"ఇంకెవరికే, మా చంటోడికి. నీళ్ళు పొయ్యడం మర్చిపోతాడనుకో. మర్చిపోనీ. ఇది తట్టుకుంటుంది." కొంచెం ఆగి, "వాడూ తట్టుకున్నాడుగా" అంది.

బయటికి తొంగి చూసింది. ఎండ మాడ్చేస్తోంది. "ఇప్పుడొద్దులే. బస్సులో పిల్ల వాడిపోతుంది. సాయంత్రం చల్లబడ్డాక వెళ్ళి ఇచ్చొస్తా. కాస్త నడుం వాలుస్తాను, లేపు."

లేపడానికి వెళ్ళాను. లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు.

ఎన్నో ఏళ్ళయింది. మా పని చోటు ఇప్పుడు నిజంగానే గోడౌన్, కుర్చీలూ మంచాలూ పెడుతున్నారు. మేడమ్ ఎక్కడుందో తెలీదు. పంచదార మాడిన వాసన ఎక్కడైనా వస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను. ఆ రోజుల్లో మాకు ఏమీ ఉండేది కాదు, అయినా ఎంత నవ్వేవాళ్ళమో!

అప్పట్లో పెద్దకర్మ అయ్యాక ఒకరోజు చంటోడు వచ్చాడు. నేను ఆ కుండీ చూపించి, "అన్నయ్యా, ఇది నీదే. ఆ రోజు సాయంత్రం నీకు తెచ్చిద్దామనుకుంది. తీసుకెళ్ళు" అన్నాను.

అప్పటికి మొగ్గ విచ్చింది. లేత రంగు, గుప్పెడంత పువ్వు. వాడు ముందుకు వంగాడు. వేళ్ళకి మసి ఉందని, చెయ్యి తిప్పి వేళ్ళ వెనక వైపుతో రేకుని ముట్టుకున్నాడు.

"అక్క తెస్తానందా?"

"అవును."

"నిజంగా నాకేనందా?"

"నీకే. నువ్వు తట్టుకున్నావంది."

మొహం తుడుచుకున్నాడు, మసి చెంపకి అంటింది. "అయితే ఇక్కడే ఉండనీ చెల్లెమ్మా" అన్నాడు. "తెస్తానంది కదా. ఎదురుచూస్తాను."

కుండీ ఇప్పటికీ మా కిటికీలోనే ఉంది. సంచి ఇంకా ఆ మేకుకే ఉంది.